ఒక సీటు, రెండు చుక్కలు

మే 4, ఆదివారం

చరిత్రలో డిగ్రీ చేసి పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టుగా చేరిన మనిషికి రెండే దారులు. ఏడవడం, లేదా డైరీ రాయడం. ఏడుపులు క్లినిక్‌లో రోజూ వింటూనే ఉన్నాను కాబట్టి డైరీ.

దేశ పరిస్థితి ముందుగా నమోదు చేస్తున్నాను. మా ఇంట్లో రెండు ప్రభుత్వాలు. కింద కళ్ళజోళ్ళ షాపు, అది నాన్నది. పైన ఇల్లు, అది అమ్మది. మధ్యలో పదిహేడు మెట్లు, అవి నావి. తొమ్మిది నెలలుగా ఈ రెండు ప్రభుత్వాలకీ మాటల్లేవు. నాన్న పడక కూడా షాపు వెనక గదిలోనే. యుద్ధం లేదు, సంధి లేదు, ఉన్నదల్లా ఒక రాయబారి. జీతం లేదు, మోకాళ్ళ నొప్పులున్నాయి.

ఈరోజు జరిగిన రాయబారం, యథాతథంగా:

"గ్యాసైపోయిందని మీ నాన్నకి చెప్పు."

పదిహేడు మెట్లు.

"నిన్ననే బుక్ చేశానని మీ అమ్మకి చెప్పు."

పదిహేడు మెట్లు.

"చేస్తే చేశానని నిన్ననే చెప్పి ఏడవచ్చుగా అని అడుగు."

పదిహేడు మెట్లు. "ఏడవచ్చుగా" అన్న మాట దారిలో రాలిపోయింది. రాయబారులకి ఆ మాత్రం అధికారం ఉంటుంది.

"నిన్న చెప్దామంటే నువ్వు సినిమాకి పోయావుగా," అన్నాడు నాన్న.

తప్పు చివరికి నాది. చరిత్రలో రాయబారుల గతి ఎప్పుడూ ఇంతే.

కారణం ఏమిటో నాకు తెలియదు. నేను ఆఖరి పరీక్షలు రాసి హాస్టల్ నుంచి వచ్చేసరికి ఇల్లు ఇలా ఉంది. అమ్మనడిగితే మీ నాన్నని అడుగంటుంది. నాన్ననడిగితే మీ అమ్మని అడుగంటాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

మే 7, బుధవారం

క్లినిక్‌కి ఒక మహానుభావుడు వచ్చాడు. కట్టుడు పళ్ళ కొలతలకి. డెబ్భై ఏళ్ళు, పూల చొక్కా, ముఖమంతా ఎండకి కాలిన రంగు.

"ఎక్కడ కాలారు తాతగారూ?"

"దీవిలోనమ్మాయ్."

"ఏ దీవి?"

"ఏడో దీవి."

రిటైరైన పోస్టుమాస్టరట. ఏడు దీవులూ పైసా ఖర్చు లేకుండానే తిరిగాడట. నేను అపాయింట్‌మెంట్ల పుస్తకం మూసేసి శిష్యురాలినయ్యాను.

"కార్డు పాయింట్లు! అందరికీ వస్తాయి. అందరూ దాంతో కుక్కరు కొనుక్కుంటారు. కుక్కరు నిన్ను ఎక్కడికైనా తీసికెళ్తుందా? అదే పాయింట్లు విమానం కంపెనీకి మార్చుకో. జనం వెళ్ళని వానాకాలంలో వెళ్ళు, సగం పాయింట్లకే సీటు. బడ్జెట్టంటావా? ఉన్నవాడికి సముద్రం ఎదురుగా గది. లేనివాడికి రెండు వీధుల వెనక, స్టవ్వున్న గది. సముద్రం మాత్రం ఇద్దరికీ ఒకటే. మునిగితే ఇద్దరి చొక్కాలూ తడుస్తాయి."

ఇంతలో డాక్టరమ్మ పిలిచి నోరు తెరిపించింది. బోధ ఆగిపోయింది. వైద్యానికీ జ్ఞానానికీ ఎప్పుడూ పడదు.

కానీ నాకు వెలగాల్సింది వెలిగింది. ఇద్దర్నీ తీసికెళ్ళి ఒక దీవి మీద దింపేస్తే? చుట్టూ నీళ్ళు, పైన కొబ్బరిచెట్లు, మధ్యలో రాయబారి లేదు. ఉప్పెక్కడుందో అడగడానికైనా నోరు విప్పక చస్తారా?

మే 12, సోమవారం

కార్డు వచ్చింది. మూడు నెలల్లో వాళ్ళు చెప్పినంత కొంటే చేరినందుకు నలభై వేల పాయింట్లు. నా జీతంతో కొంటే మూడేళ్ళు పడుతుంది. డాక్టరమ్మని అడిగాను, క్లినిక్‌కి కావలసినవన్నీ నా కార్డు మీద తెప్పిస్తానని. ఆవిడ రోగి నోట్లోంచి తల ఎత్తకుండానే సరేనంది. ఏ రోజు డబ్బు ఆ రోజు నాకిచ్చేస్తుంది.

అదే ఊపులో నాన్న దగ్గరికి వెళ్ళాను. షాపు లెన్సుల ఆర్డరు కూడా ఇలాగే తెప్పిద్దాం నాన్నా, పాయింట్లొస్తాయి అన్నాను.

నాన్న చేతిలో స్క్రూ జారి కింద పడింది.

"నా షాపులో పాయింట్ల మాట ఎత్తకు తల్లీ."

అంతే. ఎందుకో తెలియదు. నాన్న కోపిష్టి కాదు. ఫ్రేము మీద కూర్చుని విరగ్గొట్టుకొచ్చిన వాళ్ళని కూడా "పాపం కుర్చీది తప్పు" అని ఓదార్చే మనిషి.

స్క్రూ వెతికి బిగించింది నేనే. ఈ మధ్య చిన్న స్క్రూలన్నీ నా చేతే బిగిస్తున్నాడు. నీవి పడుచు కళ్ళు అంటాడు. ఆయన ముక్కు మీద జోడు ఉండనే ఉంది మరి.

మే 13, మంగళవారం

అటక మీది సూట్‌కేసు కిందికి దిగింది. దుమ్ము దులపడానికి అంది అమ్మ. మంచిదే. దీవికి ఎలాగూ కావాలి.

మే 25, ఆదివారం

చేతి తొడుగులు నలభై డబ్బాలు, దూది, నోట్లో పెట్టే మత్తు సూదులు, ఒక కొత్త కుర్చీ. కుర్చీ ఒక్కటే నన్ను దీవికి సగం దూరం తీసికెళ్ళింది. ఊళ్ళో జనానికి పళ్ళు పుచ్చుతున్న కొద్దీ నా పాయింట్లు పెరుగుతున్నాయి. మిఠాయి కొట్టు ముందు నిలబడి పిల్లల్ని ప్రోత్సహించాలన్న దుర్బుద్ధి పుట్టింది. అణచుకున్నాను.

టీ దౌత్యం. "అర కప్పే పొయ్యమని మీ అమ్మకి చెప్పు." "అర కప్పిచ్చిందని రేపు నలుగురికీ చెప్పుకోడానికా? నిండానే పోస్తానని చెప్పు." నిండానే తీసికెళ్ళాను. తిరిగొచ్చిన సాసరులో సగం టీ ఉంది.

"చూశావా, ఒలకబోసి మరీ పంపించారు. కక్ష కాకపోతే ఏంటి?" అంది అమ్మ.

నాన్నకి అంత కక్ష ఉంటుందా? సాసరంత కక్ష? అర్థం కాదు.

జూన్ 8, ఆదివారం

పాయింట్లు అరవై ఒక్క వేల నాలుగు వందలు. సీటు ఒక్కింటికి ముప్ఫై వేలు, రానూపోనూ. రెండు సీట్లూ, పైన చిల్లరా. చరిత్రలో నా పేరు ఎక్కడ రాస్తారో గానీ ఇప్పుడే చోటు వదలమని చెప్పాలి.

పైకి వెళ్ళి ప్రకటించాను. అమ్మ గిన్నె తోముతూ ఆగింది.

"ఏ దీవి?"

చెప్పాను. అమ్మ నవ్వింది. అదేం నవ్వో నాకు పోల్చుకోరాలేదు.

"ఆ దీవికి నేను ఇదివరకే సగం దూరం వెళ్ళొచ్చాను లేవే. మీ నాన్న వస్తే నేను రాను."

పదిహేడు మెట్లు. నాన్న: "మీ అమ్మ రమ్మంటే వస్తానని చెప్పు."

పదిహేడు మెట్లు. అమ్మ: "నేనెందుకు రమ్మంటాను? తనే వస్తానంటే కాదనేదాన్ని కాదని చెప్పు."

పదిహేడు మెట్లు. నాన్న: "తను రమ్మనకుండా వస్తానని ఎలా అంటానని అడుగు."

మొత్తం నూట అరవై మెట్ల దాకా లెక్కపెట్టి వదిలేశాను. ఎవరో ఒకరు మొదటి మాట అనేదాకా టికెట్లు తీయకూడదని నిశ్చయించుకున్నాను. తొందరేముంది? పాయింట్లు ఎక్కడికి పోతాయి?

జూన్ 10, మంగళవారం

ఇవాళ కూడా నాన్న చేతిలోంచి స్క్రూ జారింది. అది లెన్సుల అంచులు అరగదీసే యంత్రం కిందికి దొర్లింది. పొట్టమీద పడుకుని వెతికితే యంత్రం కాలికింద నాలుగు మడతలు పెట్టిన రంగుల కాగితం కనపడింది. యంత్రం ఊగకుండా ఎత్తు పెట్టారు. లాగి చూస్తే కొబ్బరిచెట్లు. నీలం రంగు నీళ్ళు. లెన్సుల కంపెనీ వాళ్ళ పథకం అది. "వెయ్యి జతలు అమ్మిన డీలరు దంపతులకు దీవిలో నాలుగు రాత్రులు." అదే దీవి.

దాని కింద చిన్న అక్షరాల్లో: "లేదా, లెన్సుల అంచులు అరగదీసే యంత్రం."

దుమ్ములో అలాగే పడుకుండిపోయాను.

"దొరికిందా?" అన్నాడు నాన్న పైనుంచి.

"దొరికింది," అన్నాను.

జూన్ 11, బుధవారం

అమ్మకి కాగితం చూపించాను. ముందు తిట్టింది, దుమ్ము పట్టిన చొక్కాతో మంచమెక్కానని. తర్వాత చెప్పింది.

"రెండేళ్ళు ఆ షాపులో కూచుని ప్రతి మనిషికీ ఆ కంపెనీ లెన్సులే అంటగట్టాను. అద్దం తుడుచుకోడానికి గుడ్డ అడిగినవాడికి కూడా ఒక జత అమ్మాను. కొత్తల్లో కళ్ళ కొలతలు తీసిందీ నేనే, అద్దాల మీద కంటిపాప ఎత్తుకి చుక్కలు పెట్టిందీ నేనే. మీ నాన్న అద్దాలు అరగదీసేవారు. వెయ్యో జత అమ్మిన రోజు ఇంటికొచ్చి సూట్‌కేసు దించాను. వారం తిరిగేసరికి దీవి రాలేదు. లారీ వచ్చింది. లారీలో యంత్రం."

"నీతో చెప్పనే లేదా?"

"ఒక్క మాట చెప్పలేదు. సరే, ఆ ఒక్క మాటా దాచుకోమన్నాను. అప్పట్నుంచీ నావి కూడా నేను దాచుకుంటున్నా."

ఇన్నాళ్ళూ నేను దేని మీద అనుమానపడ్డాను? కిటికీ తెరిచే గొడవ, పెద్దమ్మని నాన్న ఏదో అన్నాడన్న గొడవ, పప్పులో ఉప్పు. చరిత్ర పట్టా వెనక్కిచ్చేయాలి.

జూన్ 12, గురువారం

నాన్ననీ అడిగాను.

"యంత్రం అవసరమైంది."

"ఇన్నేళ్ళూ చేత్తోనే అరగదీశావుగా?"

"అవసరమైందన్నాగా."

"అమ్మకి చెప్పచ్చుగా?"

"చెప్తే ఎందుకని అడుగుతుంది."

"అడిగితే?"

నాన్న యంత్రం ఆన్ చేశాడు. ఆ చప్పుడులో దేవుడు దిగొచ్చి అడిగినా వినపడదు.

జూన్ 15, ఆదివారం

అమ్మ పెద్దమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. "నీ వెనక గది ఖాళీగానే ఉందా అక్కా?" అని అడిగింది. పెద్దమ్మ ఉండేది కొండల మీద, చలి ఊళ్ళో. అక్కాచెల్లెళ్ళు గదుల గురించి మాట్లాడుకోవడంలో వింతేముంది? నేను కూడా ఎవర్నో ఒకర్ని గదుల గురించి అడుగుతూనే ఉంటాను.

జూన్ 17, మంగళవారం

కట్టుడు పళ్ళు మూడోసారి సరిచేయించుకోడానికి తాతగారు వచ్చాడు. ఇంకా టికెట్లు తీయలేదంటే కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు.

"ఇంకా ఎందుకు దాచావ్? పాయింట్లు బంగారం కాదమ్మాయ్, దాస్తే పెరగడానికి. ఐసుముక్కలు. చేతిలో ఉండగానే వాడెయ్యాలి."

"వాళ్ళిద్దరిలో ఒకరు మొదట మాట్లాడితే..."

"వాళ్ళ మౌనం కోసం విమానం ఆగుతుందా?"

జూన్ 20, శుక్రవారం

ఆగలేదు.

విమానం కంపెనీ నుంచి సందేశం. "మీ ప్రయాణాన్ని మరింత ఆనందమయం చేసే ఉద్దేశంతో" సీటుకి ముప్ఫై వేలు కాస్తా యాభై అయిదు వేలు చేశారట. ఇంత ఆనందం నేను తట్టుకోలేను.

ఒక సీటు. ఒకే ఒక్క సీటు.

జూన్ 21, శనివారం

రాత్రంతా బొమ్మా బొరుసూ వేశాను. నాన్నకిస్తే అమ్మ రెండోసారి మోసపోయినట్టు. అమ్మకిస్తే ఇద్దరూ కలిసి వెళ్ళేది లేనట్టు. నేనే వెళ్తే చరిత్ర నన్ను క్షమించదు, అది కూడా ఆలోచించానని ఇక్కడ నిజాయితీగా ఒప్పుకుంటున్నాను.

పొద్దున అమ్మకి చెప్పాను. అమ్మ చేతులు తుడుచుకుంది.

"నేను వెళ్తా."

"నాన్నకేం చెప్పను?"

"నేను వెళ్తున్నానని."

పదిహేడు మెట్లు. నాన్న చేతిలోని ఫ్రేము బల్ల మీద పెట్టాడు. తర్వాత "మంచిది" అన్నాడు. కాసేపాగి మళ్ళీ "మంచిదేగా?" అని నన్నే అడిగాడు.

జూన్ 24, మంగళవారం

టికెట్టు తీశాను. జులై 17న వెళ్ళడం, 21న రావడం. సముద్రానికి రెండు వీధుల వెనక, స్టవ్వున్న గది. తాతగారు ఆ ఇంటావిడకి స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు.

అమ్మ టికెట్టు ముందూ వెనకా తిప్పి చూసింది.

"వెనక్కి రాకపోతే ఆ సగం పాయింట్లు తిరిగిస్తారా?"

"ఇవ్వరు."

"ఊరికే అడిగా."

ఊరికే అడిగింది.

జూన్ 26, గురువారం

సూట్‌కేసులో స్వెట్టరు ఉంది. దీవిలో చెమటలు కారతాయని తాతగారు నెత్తీ నోరూ బాదుకుని చెప్పాడు. విమానంలో చలేస్తుంది కాబోలు.

రెండు స్వెట్టర్లు. విమానంలో బాగా చలేస్తుంది కాబోలు. పెద్దమ్మని గది గురించి కూడా ఊరికే అడిగింది.

ఊరికే అడిగింది.

జూన్ 29, ఆదివారం

నాన్న ఒక ఫ్రేము ఇచ్చాడు. వెడల్పుది, ఎండజోడు ఫ్రేము. షాపులో గాజు అలమరలో పై అరలో ఉండేది, ఎవరికీ చూపించని అర.

"దీవిలో ఎండ ఎక్కువ. రంగు లెన్సులు, మీ అమ్మ పవరుతో. చుక్కలు పెట్టుకురా."

అమ్మవి దూరానికీ దగ్గరికీ కలిపిన లెన్సులు. ఫ్రేము ముఖం మీద పెట్టి, కంటిపాపకి సరిగ్గా ఎదురుగా అద్దం మీద పెన్నుతో చుక్క పెట్టాలి. ఆ చుక్క ఎంత ఎత్తులో ఉందో కొలిచి, లెన్సు అక్కడినుంచి తయారు చేస్తారు. ప్రతి కొత్త ఫ్రేముకీ మళ్ళీ పెట్టాలి. ఎవరి కంటికి వాళ్ళు పెట్టుకోలేరు.

"నువ్వే పైకొచ్చి పెట్టచ్చుగా?"

"నువ్వు పెట్టుకురా తల్లీ."

అమ్మ వద్దంటుందనుకున్నాను. ఫ్రేము చేతిలోకి తీసుకుని, "ఇది ఇంకా ఎవరికీ అమ్మలేదన్నమాట," అంది. అంతే. కుర్చీలో కూచుంది. నేను పక్కన నించుని, దర్జాగా రెండు చుక్కలు పెట్టేశాను. అయిదు నిమిషాల పని. ఈ మాత్రం దానికి ఇరవై ఆరేళ్ళ అనుభవం ఎందుకో!

జులై 5, శనివారం

జోడు వచ్చింది. అమ్మ పెట్టుకుని బయటి మెట్లు దిగబోయింది. నాలుగో మెట్టు దగ్గర అడుగు గాలిలో పడింది. నేను చెయ్యి పట్టుకోకపోతే దీవికి బదులు ఆసుపత్రికి వెళ్ళేది.

"మెట్లు ఊగుతున్నాయే! ఇదేం జోడు? నన్ను చంపుదామనా?"

మోచెయ్యి గీరుకుపోయింది. మందు రాసి కట్టు కట్టాను. చుక్కలు పెట్టిన చెయ్యి నాదే.

జులై 6, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. హాస్యం తర్వాత.

షాపు సెలవు. అమ్మ షాపులోకి వచ్చే లోపలి మెట్లు దిగింది. పదకొండు నెలల తర్వాత. నేను వెనకే. నాన్న కౌంటరు వెనక నించున్నాడు. అమ్మ జోడు తీసి గాజుబల్ల మీద పెట్టింది.

"ఇది పెట్టుకుని వెళ్తే సముద్రంలో కాదు, దారిలో కాలవలో పడతానని మీ నాన్నకి చెప్పు."

నాన్న మూడడుగుల దూరంలో ఉన్నాడు. అయినా చెప్పాను. ఉద్యోగధర్మం.

"చుక్కలు ఎలా పెట్టావు తల్లీ? కూచునా, నించునా?"

"...నించుని."

"పైనుంచి చూస్తే చుక్క పైనే పడుతుంది. వాళ్ళ కన్నూ నీ కన్నూ ఒకే ఎత్తులో ఉండాలి."

"మళ్ళీ పెట్టనా? కూచునే పెడతా."

నాన్న పెన్ను వైపు చూశాడు. అమ్మ మోచేతి మీది కట్టు వైపు చూశాడు.

"వద్దు."

స్టూలు లాక్కుని కూచున్నాడు. ఎదురుగా, కస్టమర్లు కూచునే కుర్చీలో అమ్మ. ఫ్రేముకి మళ్ళీ మామూలు అద్దాలు తొడిగి అమ్మకి పెట్టాం. నేను మధ్యలో నించున్నాను.

"మీ అమ్మని సూటిగా చూడమను."

"అమ్మా, సూటిగా..."

"వినపడింది."

"నువ్వు కాస్త అడ్డు తప్పుకో తల్లీ," అన్నాడు నాన్న.

తప్పుకున్నాను. సరిహద్దులో మొదటిసారి రాయబారి లేదు.

"ఇటు చూడు," అన్నాడు నాన్న. నాతో కాదు.

అమ్మ చూసింది.

మొదటి చుక్క కనుబొమ దగ్గర పడింది. తుడిచాడు. రెండోది చెంప వైపు. తుడిచాడు. మూడోది చుక్క కాదు, గీత. ఏళ్ళ తరబడి చుక్కలు పెడుతున్న మనిషి! కావాలనే ఆలస్యం చేస్తున్నాడనుకున్నాను, ఇంకాసేపు చూసుకోడానికి. నవ్వబోయాను కూడా. ఆ నవ్వు ఇంకా నా మెడకి వేలాడుతోంది.

నాలుగోసారి పెన్ను ఎత్తగానే అమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో కూడా పెన్ను కొస ఆడుతూనే ఉంది.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళు దాటింది."

"డాక్టరేమన్నాడు?"

"ప్రాణానికేం భయం లేదన్నాడు. తగ్గడం మాత్రం తగ్గదన్నాడు."

అమ్మ యంత్రం వైపు చూసింది. నేనూ చూశాను. ఎన్ని స్క్రూలు బిగించాను నేను! పడుచు కళ్ళు.

"అందుకా అది?"

"చేత్తో అరగదీస్తే అద్దాలు పగులుతున్నాయి. చెత్తబుట్టలో వేసి పైన కాగితాలు కప్పేవాణ్ణి. నీకు కనపడకుండా."

"టీ?"

"అర కప్పు చాలన్నాగా."

అమ్మ పెదవులు బిగించింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, విరుచుకుపడింది.

"ఒక్క మాట చెప్తే ఆ యంత్రానికి నేనే సంతకం పెట్టేదాన్ని కదండీ!"

"తెలుసు."

"తెలిసీ చెప్పలేదా?"

"చెప్తే జాలిపడి వదులుకుంటావు. చెప్పకపోతే కోప్పడతావు. జాలి కంటే కోపం నయం అనుకున్నా."

"నయమా? పదకొండు నెలలండీ!"

"ఇన్ని నెలలనుకోలేదు."

ఆ మాటకి ముందు ఎవరు నవ్వారో తెలియదు. అది నవ్వేనా అని కూడా అనుమానం. నేను ఆ సమయంలో గాజు అలమర తుడుస్తున్నాను. చాలా శుభ్రంగా తుడిచాను.

"పెట్టండి," అంది అమ్మ, మణికట్టు వదలకుండా.

కుడి కంటికొకటి. ఎడమ కంటికొకటి.

"దీవికి మాత్రం వెళ్తాను," అంది లేస్తూ. "ఇప్పుడు మానేస్తే ఆ యంత్రం రెండోసారి గెలిచినట్టు."

"మానేస్తే ఈ లెన్సులు నేనెవరికమ్మను?" అన్నాడు నాన్న.

జులై 7, సోమవారం

టీ వేళకి మెట్ల దగ్గరికి లేచాను. కప్పు అప్పటికే కిందికి వెళ్ళిపోయింది. అర కప్పు. వెళ్ళి కూచున్నాను. మళ్ళీ లేచాను. ఏం చెయ్యాలో తెలియలేదు.

జులై 9, బుధవారం

అంతా సర్దుకుందని రాయాలని ఉంది గానీ, పొద్దున మళ్ళీ గొడవ. రెండేళ్ళు దాచినందుకు. నేరుగానే పోట్లాడుకున్నారు, మధ్యవర్తి లేకుండా. నాన్న పడక ఇంకా షాపులోనే. ఇది సంధా, కొత్త యుద్ధమా? మా ప్రొఫెసర్‌ని అడగాలి.

జులై 16, బుధవారం

కొత్త జోడు బాగుంది. అమ్మ పదిహేడు మెట్లూ చూసుకోకుండా దిగింది.

అలమరలో నా దుప్పటి వెతుకుతుంటే ఒక స్వెట్టరు కనపడింది. ఒక్కటే. రెండోది ఎక్కడుందో వెతకలేదు. వెతకాలంటే సూట్‌కేసు తెరవాలి.

జులై 17, గురువారం

వెళ్ళింది. టాక్సీ ఎక్కేముందు నాన్నతో "మందులు వేసుకోండి" అంది. నాతో "మీ నాన్నకి చెప్పు, మందులు వేసుకోమని" అంది. అలవాటు.

జులై 19, శనివారం

మధ్యాహ్నం షాపు ఫోను మోగింది. నేనే ఎత్తాను. వెనకాల అలల చప్పుడు, వాన కూడా.

"అమ్మా! ఎలా ఉంది? సముద్రం ఎలా..."

"నాన్నకివ్వు."

ఇచ్చాను. నాన్న వింటూ "ఊఁ", "ఊఁ" అన్నాడు. "మెట్లు సరిగ్గా కనపడుతున్నాయా?" అన్నాడు. దీవిలో మెట్లేమిటో! ఫోను చెవి దగ్గర ఆడుతోంది, రెండో చేత్తో పట్టుకున్నాడు. నేను మధ్యలో ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం లేకుండా నించున్నాను. ఇంత ఖాళీగా ఎప్పుడూ లేను.

"ఏమందీ?" ఫోను పెట్టాక అడిగాను.

"గదిలో చలిగా ఉందట. వాన కదా. స్వెట్టరు పనికొచ్చిందట."

"ఆ స్వెట్టరు దీవికేనన్నమాట!" అని పైకే అనేశాను. నాన్న నావైపు వింతగా చూసి, ఒక కాగితం నా ముందుకు తోశాడు. ఈ నెల లెన్సుల ఆర్డరు.

"ఇది నీ కార్డు మీద తెప్పించు."

"నీ షాపులో పాయింట్ల మాట ఎత్తద్దన్నావుగా?"

"నేనెత్తానా? కార్డన్నాను."

వరసలన్నీ నింపి ఉన్నాయి. అక్షరాలు వంకర. కుడి పవరు, ఎడమ పవరు, ఎత్తు. చివరి వరసలో రంగు లెన్సులు, ఒక జత. ఆ పవరు ఎవరిదో నాకు తెలుసు. రోజూ ఆయన ముక్కు మీద చూస్తూనే ఉన్నాను. ఆ వరసలో ఎత్తు గడి మాత్రం ఖాళీ.

"నేను పెట్టనా నాన్నా చుక్కలు? ఈసారి కూచునే పెడతా. ఒట్టు."

"వద్దు."

"మరి?"

నాన్న యంత్రం దగ్గరికి వెళ్ళాడు. ఆన్ చేయలేదు.

"సోమవారం వస్తుందిగా."

అది నాకు చెప్పాడో, నన్ను అడిగాడో తెలియలేదు. ఏదైనా సరే, రాయబారి జవాబు చెప్పాల్సిన మాట కాదది. గడి ఖాళీగానే ఉంచాను.